రోడ్డు దాకా పోయాను

జులై 8, 2025. మదనపల్లె

నిన్న ముసాయిదా జోనింగ్ మ్యాపు బయటపెట్టారు. అభ్యంతరాలకు ముప్పై రోజులు, ఆగస్టు ఆరు ఆఖరు. పదకొండు నెలలు కంప్యూటరు ముందు కూర్చుని గీసిన నన్ను ఈరోజు నుంచి ప్లానింగు ఆఫీసు వరండాలో కౌంటరుకు తోశారు. ‘గీసింది మనమే గదా, జనానికి సెప్పేది గూడా మనమే’ అన్నాడు మ్యాపు కాంట్రాక్టు తీసుకున్న మా కంపెనీ టీమ్ లీడరు దేవరాజులు సారు. మనమే అంటే నేనే. ఆయన లోపల ఫ్యాను కింద ఉంటాడు.

పసుపు అంటే ఇళ్ళు, నీలం అంటే అంగళ్ళు, ఆకుపచ్చ అంటే సేద్యం, బూడిద రంగు అంటే రవాణా. ఈ నాలుగు ముక్కలూ చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఒకాయన ‘మా చేనికి పసుపు కొట్టీమ్మా’ అన్నాడు, గోడకు సున్నం కొట్టమన్నంత సులువుగా. ఇంకొకాయన తన చేను పసుపు అయినందుకు కాదు, పక్కవాడిది కూడా పసుపు అయినందుకు అభ్యంతరం రాసిచ్చాడు. తీసుకున్నాను. తీసుకోవడమే నా పని.

జులై 9

కరెంటు లేదు. సర్వరు లేదు. జనం మాత్రం ఉన్నారు.

జులై 11

గుండ్లబండ నుంచి ఇద్దరు వచ్చారు. నిమ్మనపల్లె రోడ్డు మీదినుంచి లోపలికి తిరిగితే వచ్చే గొర్రెల కాపర్ల పల్లె అది. పెద్దాయన పేరు కదిరప్ప, వెంట ఆయన కోడలు నంజమ్మ.

“మా ఊరు యాడుండాదో రవంత సూపీమ్మా” అన్నాడు పెద్దాయన.

మ్యాపు పెద్దది చేసి చూపించాను. బూడిద రంగు. లారీల టెర్మినల్‌కు కేటాయించిన స్థలం.

“ఊరేదీ?”

“ఇదే అప్పా, ఈ జాగానే.”

“జాగా సరేమ్మా. ఊరు యాడ?”

నంజమ్మ నా వైపు తిరిగి తన ఫోను చూపించింది. రేకుల ఇల్లు, ముందర తడి కల్లాపి, గడపలో చెప్పుల జత. “ఈ పొద్దు తెల్లార్తో తీసినా. ఇది మా ఇల్లు. దీన్ని మీ కంప్యూటర్లోకి ఎక్కీయ్” అంది. అట్లా ఎక్కించడానికి లేదక్కా అన్నాను. “ఇల్లు కట్టేదానికి మా మామకు మూడేండ్లు పట్టె. మీకు ఎక్కించేదానికి ఒగ నిమిషం గూడా లేదా?” అంది. కోపం వచ్చింది నాకు. నా మీద ఎగిరితే ఏం లాభం?

సంగతేమిటంటే పంచాయతీలో ఇంటి పట్టాలు ఇస్తున్నారు. గుండ్లబండలో పదిహేడు ఇళ్ళు. తమ పేర్లూ రాయమని వీళ్ళు అడిగితే, మీది లారీల స్థలంలో ఉంది, పట్టా రాదు, టెర్మినల్ పని మొదలైతే ఖాళీ చేయవలసిందే అన్నారట. మ్యాపు మారితే పట్టా. మారకపోతే ఊరే లేదు.

వాళ్ళు పోయాక రికార్డు తెరిచాను. ‘శిథిల గోడలు. పైకప్పులు లేవు. నివాసం లేదు. ఖాళీ భూమి.’ వెరిఫికేషన్ తేదీ ఏప్రిల్ 24. సిబ్బంది కోడు ఎఫ్-7.

ఎఫ్-7 నేనే.

జులై 12

శాటిలైట్ చిత్రం మళ్ళీ చూశాను. ఏప్రిల్ చిత్రం. గోడలున్నాయి, పైన ఏమీ లేదు. ఎవరైనా అదే రాస్తారు.

ఫీల్డుకు పోకుండా రాసింది అని మాత్రం ఎవరూ అనలేరు. పోయాను. స్కూటీ మీద రోడ్డు దాకా పోయాను. కల్వర్టు మీద నిలబడి ఫోటో తీశాను. ఆ ఫోటో ఊరి సర్వే షీటులో ఉంది. ఆ ఎండలో పిట్ట కూడా లేదు. రోజుకు ఎనిమిది పల్లెలు పూర్తి చేయాలని టార్గెట్ పెట్టిన మహానుభావులు ఒక గొడుగు కూడా ఇవ్వలేదు.

ఎవరైనా అదే రాస్తారు.

జులై 15

కదిరప్ప, నంజమ్మ మళ్ళీ వచ్చారు. ఈసారి ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు. రేషను కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు. కరెంటు మీటరు ఉన్న ఊరు మ్యాపులో లేదు. అభ్యంతరాలు నమోదు చేసే గుమాస్తా మునిరత్నం కాగితాలన్నీ తిప్పి చూసి, “ఇవన్నీ ముందటివి అయ్యిండొచ్చు గదప్పా. ఏప్రిల్లో పోయి సూసినోళ్ళు ఎవురూ లేరని రాసినారే. దానికేం సెప్తావు?” అన్నాడు.

“ఏప్రిల్లో మేము యాడుంటామప్పా?” అన్నాడు కదిరప్ప, ఇది కూడా తెలియదా అన్నట్టు. “శివరాత్రి దాటితే మేత యాడుండాది? మందతో పాటు అందరం చెరువు కింది ఊర్లకు పోతాము. రైతుల సేన్లల్లో ఎరువుకు మంద కడతాము. వాన పడినాక వస్తాము. మా తాతల కాడ్నుంచీ ఇంతే.”

“మనుషులు పోతే పోయినారు. పైకప్పు యాడికి పోయె?”

“రేకులు దించి పక్కూర్లో దాసి పెట్టి పోతాము. వైశాఖం గాలికి లేచిపోతాయి. లేకుంటే దొంగోళ్ళు ఎత్తకపోతారు.”

మునిరత్నం నవ్వాడు. “గొర్లకు తోడు ఇండ్లు గూడా వలస పోతాయా?” వెనక వరసలో వాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను అనుకుంటా. నంజమ్మ నవ్వలేదు.

వాళ్ళకు రాయడం సరిగా రాదని అభ్యంతరం ఫారం నేనే నింపాను. మంచి తెలుగులో, గట్టిగా రాశాను. ‘ఎవరి నివేదికపై అభ్యంతరం’ అన్న గడి ఒకటి ఉంది. అది ఖాళీగా వదిలాను. తప్పనిసరి గడి కాదు.

“నీ పుణ్యం ఉంటాదమ్మా” అన్నాడు పెద్దాయన. ఆ మాట వినాలనిపించలేదు. వరసలో తరువాతి మనిషిని పిలిచాను.

జులై 18

దేవరాజులు సారును అడిగాను. గుండ్లబండ ఒక్కటి మార్చలేమా అని.

“ఏం కారణం రాస్తావు?”

“వెరిఫికేషన్ సరిగ్గా జరగలేదని.”

ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. “సుమా, నువ్వు నా సెల్లెలి మాదిరని సెప్తాండా. ఒక షీటు తప్పంటే మిగిలిన మూడు వందల నలభై షీట్ల సంగతేంది అని అడుగుతారు. కంపెనీ పోతాది. నువ్వూ పోతావు. సెప్టెంబరు నుంచి కుప్పంలో నిన్ను టీమ్ లీడరు చేద్దామని పేరు పంపిండాను. రెండు వారాలు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?”

మిగతావాటి సంగతి ఏముంది? మిగతావన్నీ సరిగానే చేశాను. ఆ ఒక్క ఊరే.

అయినా తిలాపాపం తలా పిడికెడు. ఏప్రిల్ చిత్రం కొన్నవాళ్ళది తప్పు కాదా? టార్గెట్ పెట్టినవాళ్ళది? షీటు చదవకుండా సంతకం చేసిన దేవరాజులుది? ఇంతమంది పిడికిళ్ళు పోయాక నా వాటా ఎంత?

జులై 21

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు మ్యాపులో ఇళ్ళు గీసే పొర, లేయర్, తెరిచాను. పదిహేడు పైకప్పులు గీశాను. ఒక్కొక్కటి నాలుగు క్లిక్కులు. ‘నివాసం ఉంది’ అని మార్చి సేవ్ చేశాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఆన్‌లైన్ మ్యాపులో ఊరు వచ్చింది. మనసు ఎంత తేలికైందో చెప్పలేను. ఎవరికీ చెప్పక్కరలేదు, ఎవరూ అడగక్కరలేదు.

జులై 22

ఊరు మళ్ళీ పోయింది. ముసాయిదా ప్రకటించాక ఎవరు ముట్టుకున్నా సర్వరు పాత కాపీనే పెడుతుందట. ఎవరి లాగిన్‌తో మార్చారో కూడా రాసిపెడుతుందట. దేవరాజులు ఆ కాగితం నా టేబులు మీద పెట్టి, ఏమీ అనకుండా పోయాడు. తిట్టినా బాగుండేది.

జులై 25. కుప్పం

ఆ కాగితం సంగతి ఎత్తకుండానే కొత్త ఆఫీసు చూసి రమ్మని దేవరాజులు పంపితే నిన్న వచ్చాను. పెద్ద గది, రెండు స్క్రీన్లు, కిటికీ. ఇక్కడి ప్రాజెక్టులో ఏ సర్వే నంబరు కొట్టినా క్షణంలో తెరుచుకుంటుంది. అందరూ నన్ను ‘మేడమ్’ అంటున్నారు. నాకు నచ్చింది. నచ్చలేదని రాస్తే ఈ డైరీకి కూడా అబద్ధం చెప్పినట్టు.

గుండ్లబండ నంబరు కొట్టి చూశాను. ఇక్కడి నుంచీ ఖాళీయే.

జులై 26. పుంగనూరు

కుప్పం బస్సు దిగి అమ్మ దగ్గర ఆగాను. కుప్పం పోస్టు సంగతి చెప్పాను. వీధంతా చెప్పి వచ్చింది. వెంకటరత్నమ్మ కూతురు ఆఫీసరు అయిందని రేపటికి పలమనేరు దాకా తెలుస్తుంది.

అన్నం తింటూ, మునిరత్నం నవ్విన సంగతి జోకులా చెప్పాను. ఇళ్ళు కూడా వలస పోతాయట అని.

అమ్మ నవ్వలేదు. “దాంట్లో నవ్వేదేముండాది? మందతో పోయేటప్పుడు మీ తాత దించలేదా? యేటా నువ్వే గదా కింద నిలబడుకోని రేకులు అందుకుంటాంటివి. ఒగ తూరి చెయ్యి కోసుకోని ఊరంతా ఇనపడేట్టు ఏడ్సినావే. మర్సిపోతివా?”

లేదన్నట్టు తలూపాను. ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాను.

జులై 27

మరిచిపోలేదు.

ఏప్రిల్ 24న కల్వర్టు మీద నిలబడి ఆ గోడలు చూసినప్పుడే తెలుసు. కూలిన ఇంటి గోడ పైభాగం కరిగి వంకరగా ఉంటుంది. రేకులు దించిన ఇంటి గోడ పైన వరసగా రాళ్ళు పేర్చి ఉంటాయి, వాన వస్తే మట్టి కారకుండా. నేను రాళ్ళు చూశాను. ఫోటో పెద్దది చేస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. అది ఊరని రాస్తే మనుషులు తిరిగొచ్చాక మళ్ళీ రావాలి, ఇల్లిల్లూ కొలవాలి, కొత్త ఫారం పెట్టాలి. ఖాళీ అని రాస్తే ఒక్క టిక్కు. ఆ రోజుకు ఇంకా మూడు పల్లెలు మిగిలి ఉన్నాయి.

ఎవరైనా అదే రాస్తారని ఎన్నిసార్లు రాశాను ఇక్కడ. ఎవరైనా రాయరు. నేను రాశాను. తాత రేకులు అందుకున్న చేత్తో రాశాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆగస్టు 2. మదనపల్లె

గుండ్లబండ పోయాను. అభ్యంతరాల విచారణలో చూపించడానికి ఫోటోలు కావాలని చెప్పి పోయాను. రోడ్డు నుంచి ఎనిమిది వందల మీటర్లు. నడిస్తే పది నిమిషాలు.

పదిహేడు ఇళ్ళు లెక్కపెట్టాను. ప్రతి రేకు మీదా తారుతో గుర్తులు ఉన్నాయి. దించినప్పుడు కలిసిపోకుండా ఇంటికొక గుర్తు, వరసకొక గీత. కదిరప్ప ఇంటిది చుక్క పెట్టిన త్రిశూలం. మా ఆఫీసులో లేయర్లకు పేర్లు పెట్టడంలో కూడా ఇంత పద్ధతి లేదు.

నంజమ్మ మజ్జిగ ఇచ్చింది. “ఆఫీసోళ్ళలో మా ఊరికి వచ్చింది నువ్వొగదానివే” అంది. ఈరోజు చెబుదామనే పోయాను. మజ్జిగ తాగి గ్లాసు కడిగిచ్చి వచ్చేశాను.

ఆగస్టు 6

ఐదు గంటలకు కౌంటరు మూసేశారు. మొత్తం అభ్యంతరాలు రెండు వందల పన్నెండు. ఐదూ పదికి వచ్చిన ఒక ముసలాయనను మునిరత్నం వెనక్కి పంపించాడు. గడువు గడువే అన్నాడు.

ఆగస్టు 12

ఈరోజు విచారణ. రాయాలని లేదు, కానీ రాయకపోతే నిద్ర రాదు.

హాల్లో గోడ మీద మ్యాపు. లాప్‌టాప్ దగ్గర నేను. విచారణాధికారి మేడమ్ ఏ నంబరు చెబితే ఆ చోటు పెద్దది చేసి చూపించడం నా పని. పక్క కుర్చీలో దేవరాజులు. గుండ్లబండ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. కదిరప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మేడమ్ షీటు పైకి చదివింది. పైకప్పులు లేవు, నివాసం లేదు, ఖాళీ భూమి.

కదిరప్ప మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. మంద, మేత, రేకులు. మేడమ్ ఓపికగానే విన్నది. “పెద్దాయనా, మీ మాట అబద్ధం అనను. కానీ ఫీల్డుకు వెళ్ళి చూశామని సంతకం ఉంది. ఫోటో ఉంది. చూసినవాళ్ళే తప్పని చెబితే తప్ప నేను దీన్ని తీసేయలేను. ఎఫ్-7 ఎవరు?”

“ఆ స్టాఫును కుప్పానికి మార్చినాము మేడమ్” అన్నాడు దేవరాజులు, నా వైపు చూడకుండా.

“ఆ పొద్దు వచ్చినోళ్ళు ఎవురో గానీ ఒగసారి పిలిపీమ్మా” అన్నాడు కదిరప్ప. “వాళ్ళను తప్పు పట్టేదానికి గాదు. ఎండకు దోవ తప్పింటారు పాపం. ఇంగో పల్లె సూసి మాదనుకోని రాసింటారు.”

అప్పుడు నంజమ్మ లేచింది. నేరుగా నా వైపు చెయ్యి చూపించింది. “ఈమెను అడగండమ్మా. ఈమె మా ఊరికి వచ్చింది. ఇండ్లు లెక్కపెట్టింది. సెప్పమ్మా, ఎన్ని ఇండ్లుండాయో సెప్పు.”

అందరూ నన్ను చూశారు. పదిహేడు అని చెప్పి కూర్చోవచ్చు. అది నిజమే. కౌంటరు అమ్మాయి మాటగా అది ఫైల్లో పడి ఉంటుంది, ఊరు మాత్రం పోతుంది.

“పదిహేడు” అన్నాను. “ఎఫ్-7 నేనే మేడమ్. ఏప్రిల్లో నేను రోడ్డు దాకానే పోయాను. ఊర్లోకి పోలేదు. గోడలు చూస్తే రేకులు దించినవని అర్థమైంది. అయినా ఖాళీ అని రాశాను.”

దేవరాజులు నా మోచేయి పట్టుకుని లాగాడు. మేడమ్ తెల్లకాగితం ఇచ్చి, అన్నదంతా రాసి సంతకం పెట్టమంది. పెట్టాను. పదిహేను రోజుల్లో వేరే మనిషితో మళ్ళీ చూపించి, ఆ స్థలాన్ని నివాస జోన్ కింద సరిచేయాలని ఉత్తర్వు ఇచ్చింది. “ఈ ఒక్కటి సరిదిద్దుదాం. ఇక్కడితో వదిలేయండి” అని దేవరాజులుతో అంది. ఆయన ముఖం తేటపడింది. పోతూ పోతూ నా చెవిలో, “ఒక ఊరితో, ఒక మనిషితో పోయింది, దేవుని దయ” అన్నాడు. నన్ను తీసేస్తారన్న సంగతి అందులో చెప్పకనే చెప్పాడు.

వరండాలో నంజమ్మ ఎదురుపడింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా. కదిరప్ప మాత్రం నా వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు. చివరి మెట్టు దగ్గర తలగుడ్డ చుట్టుకున్నాడు.

“రోడ్డు దాకానే వచ్చినానంటివి గదా” అంది నంజమ్మ. “మా ఊరికేనా? ఇంగ ఎన్ని ఊర్లకు అట్ల పోయినావు?”

ఆమె కాసేపు చూసి మామ వెనకే పోయింది.

ఆగస్టు 13

పనిలోంచి తీసేశారు. ఫోన్లోనే. కుప్పం ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆగస్టు 14

‘ఆ ఒక్క ఊరే’ అని జులైలో రాశాను. కొట్టేయను, అట్లాగే ఉండనీ.

ఫీల్డు రోజుల్లో బండి ఎక్కడ ఆపానో నా ఫోనులో అంతా ఉంది. పొద్దున నుంచి ఒక్కొక్క తేదీ తెరిచి షీట్ల జాబితాతో పోల్చాను. అన్నీ పల్లె పేర్లే. కొన్ని చోట్ల నిజంగానే ఏమీ ఉండకపోవచ్చు. ఎక్కడ ఉందో ఎక్కడ లేదో చెప్పడానికి నేను చూసి ఉండాలి కదా.

గుండ్లబండ కాక, రోడ్డు దాకానే పోయి రాసినవి నలభై ఒకటి.

సాయంత్రం మేడమ్ ఆఫీసుకు పోయాను. జాబితా చూపించి ఇవి కూడా నా వాంగ్మూలంలో చేర్చమన్నాను. ఆమెకు విసుగొచ్చింది. అభ్యంతరం ఎవరూ ఇవ్వని చోట నేనేం చేయను అంది. గడువు అయిపోయాక వాళ్ళెట్లా ఇస్తారు, ఖాళీ అని రాసినట్టు వాళ్ళకు తెలిస్తే కదా అన్నాను. గొంతు లేచింది, బయట ఉన్నవాళ్ళు కూడా లోపలికి తొంగి చూశారు. చివరికి, ఆయా ఊళ్ళవాళ్ళు సంతకాలు పెట్టి ఇస్తే, నా వాంగ్మూలం జతచేసి పైకి పంపుతానంది. ఒప్పుకుంటారో లేదో తన చేతిలో లేదంది. ఈ నెలాఖరులోగా తుది మ్యాపు అచ్చుకు పోతుంది.

పదిహేడు రోజులు, నలభై ఒక్క ఊళ్ళు. రోజుకు ఎనిమిది చేయగలిగిన దాన్ని కదా నేను.

ఆగస్టు 15

అమ్మ ఫోను చేసింది. కుప్పంలో ఎప్పుడు చేరతావని వీధిలో అడుగుతున్నారట. చెప్పాను, మొత్తం. “ఆ నలభై ఊర్లోళ్ళు కొట్టకుండా ఉంటారామ్మే?” అంది చివరికి.

తెలియదన్నాను.

ఆగస్టు 16

జాబితాలో మొదటిది పెద్దమండ్యం పోయే దారిలో ఉంది. రోడ్డు పక్క స్కూటీ ఆపి నడిచాను. కిలోమీటరున్నర. షీటులో ‘రాతి నేల, వినియోగం లేదు’ అని రాశాను దీనికి. మ్యాపులో పార్కు. ఉన్నవి తొమ్మిది ఇళ్ళు, ఒక బోరు, చెనక్కాయ కుప్ప వేసిన కల్లం.

కల్లంలో ఒకామె, ఆమె మొగుడు కాయ వలుస్తున్నారు. నన్ను చూసి లేచారు. ఆమె మంచం మీది గోతాం పక్కకు జరిపి, దూరం నుంచి వచ్చినట్టుండావు, ముందు కూసోమ్మా అంది.

“ఎవురమ్మా నువ్వు? ఏం పని మీద వస్తివి?” అన్నాడు ఆయన.

కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ మజ్జిగ ఇస్తారు, తాగి వచ్చేస్తాను.

“నా పేరు సుమలత” అన్నాను. “మీ ఊర్లో ఎవరూ లేరని రాసింది నేనే.”